కెమెరాకు నాలుగు హద్దులు

ఇందుకూరుపేట,
1962 జనవరి 8.

మగ్దలీనమ్మక్కకు,

తమ్ముడు క్రీస్తుదాసు వందనాలు. ఇక్కడ నేనూ పుష్పకుమారీ బాగానే ఉన్నాం. అక్కడ బావ స్టేషనులో టిక్కెట్లు కొడుతూ, నువ్వు బళ్ళో పిల్లల్ని కొడుతూ సుఖంగా ఉన్నారనుకుంటాను.

విషయం ఏమిటంటే, నేను ఓడ ఎక్కబోతున్నాను. నవ్వకు, నిజమే. మలయా దేశంలో పినాంగు దగ్గర రబ్బరు తోటల్లో మన తెలుగువాళ్ళ సంఘం ఒకటుంది. వాళ్ళ చర్చి పెట్టి యాభై ఏళ్ళు నిండాయట. అక్కడి పాస్టరు అబ్రహాముగారి పెద్దలు తోటపల్లి గూడూరు నుంచి వెళ్ళినవాళ్ళే. మన మిషను క్యాలెండరులో నా ఫోటో ఏదో చూసి, జూబిలీ పండక్కి ఫోటోలు తీయడానికి రమ్మని టిక్కెట్టు పంపించారు. ఫిబ్రవరి ఇరవైన మద్రాసులో ఓడ.

చిక్కల్లా కెమెరాతోనే. అది విదేశీ సరుకు. వెళ్ళేటప్పుడే మద్రాసు కస్టమ్స్ ఆఫీసులో చూపించి, ఇది నాదే, ఇక్కడినుంచే తీసుకుపోతున్నానని రిజిస్టరు చేయించుకోవాలట. లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు అక్కడ కొని తెచ్చావంటారట, సుంకం కట్టమంటారట, కట్టకపోతే ఉంచేసుకుంటారట. బిల్లుంటే చూపించేవాణ్ణి. మిషను ఆసుపత్రి దొర వాళ్ళ దేశం పోతూ పోతూ, కాంపౌండరుగా పనిచేసిన నాన్న చేతిలో పెట్టిపోయిన కెమెరా ఇది. బిల్లేదని దొరను అడిగే మనిషా మన నాన్న?

రిజిస్టరు చేయించాలన్నారు గనక నేరుగా సబ్‌రిజిస్ట్రారు కచేరీ అరుగు మీద దస్తావేజులు రాసే రంగనాయకులుగారి దగ్గరికి వెళ్ళాను. "రిజిస్ట్రేషనంటే రిజిస్ట్రేషనే గదబ్బయా, పొలమైతే ఏంది, కెమెరా అయితే ఏంది" అని ఆయన అప్పటికప్పుడు స్టాంపు కాగితం మీద పత్రం రాసేశాడు. అంతా అయ్యాక పేచీ పెట్టాడు. "మీ నాయన వీలునామా రాయలా. ఇది ఇద్దరు బిడ్డల ఆస్తి. మీ యక్క సంతకం లేకుండా యాడా చెల్లదు" అన్నాడు.

పత్రం ఇందులో పెట్టాను. కింద పెన్సిలుతో ఇంటూ గుర్తు వేసినచోట సంతకం పెట్టి వెంటనే పంపించు. అంతా లాయరు భాష, నువ్వు చదవాల్సిన పనేమీ లేదు.

నీ తమ్ముడు
దాసు

*

తడ,
జనవరి 13.

ఒరేయ్ దాసూ,

చదవాల్సిన పని లేదన్నావు గనక రెండుసార్లు చదివాను. రెండోసారి మీ బావకు వినిపించాను. ఆయన అప్పుడు మజ్జిగన్నంలో ఉన్నాడు. పొలమారి, కళ్ళల్లో నీళ్ళు తిరిగి, నేను నడినెత్తిన నాలుగు చరిస్తే గానీ మామూలు మనిషి కాలేదు.

"తూర్పు: కంటి అద్దము. పడమర: ఫిలిం పెట్టు వెనక తలుపు. ఉత్తరం: చూచుకొను కిటికీ. దక్షిణం: స్టాండుకు బిగించు మర. ఈ నాలుగు హద్దుల మధ్య గల జర్మనీ కెమెరా ఒకటి, తోలు తిత్తితో సహా, నిధి నిక్షేప జల తరు పాషాణాది సర్వ హక్కులతో..."

కెమెరాను అటు తిప్పితే తూర్పు పడమరవుతుంది గదరా, అప్పుడు హద్దు రాళ్ళు పీకి మళ్ళీ పాతిస్తారా? నిధి నిక్షేపాలు అందులో ఎక్కడ దాచాడు నాన్న? చెట్లూ రాళ్ళూ ఉన్నాయంటే నమ్మను. జలం మాట మాత్రం ఒప్పుకుంటాను. ఒకసారి అది సముద్రంలోకి వెళ్ళి వచ్చింది, నీకు గుర్తుండే ఉంటుంది.

పినాంగు ప్రయాణం సంతోషమే. మన ఇంట్లో ఇంతవరకు ఓడ ఎక్కినవాళ్ళు లేరు. అయితే ఒక్క ముక్క అర్థం కాలేదు. "నా ఫోటో ఏదో చూసి" పిలిచారని రాశావు. ఆ ఏదో ఏది? ఒకడికి ఓడ టిక్కెట్టు తెచ్చిపెట్టిన ఫోటో ఏదో వాడికే తెలియకుండా ఉంటుందా? జవాబు రాయి. సంతకం సంగతి తరవాత చూద్దాం.

అక్క

*

ఇందుకూరుపేట,
జనవరి 18.

అక్కా,

ఏ ఫోటో అంటే ఏం చెప్పను? ఏడాదికి ఎన్నో తీస్తుంటాను. సముద్రం ఒడ్డుదేదో అయి ఉంటుంది. అబ్రహాముగారు ఉత్తరంలో వివరంగా రాయలేదు. రాసినా ఆయన చేతిరాత నాకు సరిగా అర్థం కాలేదు.

అసలు సంగతి వదిలేసి కొసరు పట్టుకుంటావేమిటి? ఓడకు నెల రోజులే ఉంది. నువ్వు సంతకం పెట్టకపోతే నేను కెమెరా లేకుండా వెళ్ళి, అక్కడ జనం ముందు వేళ్ళతో చట్రం కట్టి చూపించాలి. పినాంగు గొడుగులు చాలా గట్టివట, ఎంత గాలికీ తిరగబడవట. నీకొకటి తెస్తాను. బావకు మూడు బ్యాటరీల టార్చి. జాజికాయలు వీశెడు. ఇంకా ఏమైనా కావాలంటే రాయి, మొహమాటపడకు.

పుష్పకుమారి కూడా "ఒదినె అట్టా చెయ్యదు, పెట్టిస్తాది లెండి" అంటున్నది. నీమీద దానికున్న నమ్మకం చూసైనా సంతకం పెట్టు.

తమ్ముడు

*

తడ,
జనవరి 24.

దాసూ,

గొడుగు వద్దు. జాజికాయలు అసలే వద్దు. సముద్రం ఒడ్డుదేదో అన్నావు చూడు, దానికి జవాబు రాస్తాను, కుదురుగా కూర్చుని చదువు.

ఆ ఫోటో ఒడ్డుది కాదు. లోపలిది. యాభై ఎనిమిది మేలో, నాన్న పక్షవాతంతో మంచాన ఉండగా, మైపాడులో ఏడుగురికి బాప్తిస్మం. నాన్న ఒప్పుకున్న పని గనక కెమెరా ఇచ్చి మనిద్దర్నీ పంపించాడు. బాప్తిస్మం తీసుకునేవాళ్ళు అలకు ఎదురుగా నిలబడతారు, ముఖాలు సముద్రం వైపు ఉంటాయి. ముఖాలు ఫోటోలో పడాలంటే వాళ్ళకంటే లోపలికి దిగి, అలలకు వీపు ఇచ్చి, ఒడ్డు వైపు తిరగాలి. నాన్న అలాగే తీసేవాడు. నువ్వు మోకాలిలోతు దాకా వచ్చి, ఒక అల చూసి, "ఫిలిం మర్చిపోయినా" అని తాటాకు పాక వెనక్కి వెళ్ళావు. ఫిలిం కెమెరాలోనే ఉంది. కెమెరా నా చేతిలో ఉంది.

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన ఎంత పొడుగో నీకు తెలుసు. ఒడ్డున అంతా కళ్ళు మూసుకున్నారు. నేను చీర దోపుకుని నడుము లోతుకు దిగాను. ఆ ప్రార్థన నడుస్తుండగానే మొదటామె నీళ్ళలోంచి లేచింది, జుట్టంతా ముఖం మీద, ఆ ముఖంలో ఏడుపో నవ్వో తెలియని ఒక వెలుగు. నొక్కాను. బయటికి వచ్చాను. అందరూ ఆమెన్ అనేసరికి కెమెరా నీ మెడలో ఉంది. నా తడిచీర చూసి అడిగినవాళ్ళకు అల కొట్టిందని చెప్పాను. ఫోటో ఎవరు తీశారని మాత్రం ఎవరూ అడగలేదు.

దాని వెనక నీ స్టూడియో ముద్ర వేశావు. అది క్యాలెండరెక్కింది. మా బడి గోడకు కూడా వేలాడుతున్నది. నా బల్లకు ఎదురుగా, కింద నీ పేరుతో. మూడేళ్ళుగా పిల్లలకు ఎక్కాలు చెబుతూ రోజూ దాన్ని చూస్తున్నాను. నోరెత్తలేదు. నాకు బాధ లేదనుకున్నావా? ఉంది.

కెమెరాలో నా వాటా నాకు వద్దు, ఉంచుకో. ఆ ఫోటో నాదని మాత్రం ఒక్క కాగితం మీదైనా ఉండాలి. అందుకని రంగనాయకులుగారి షెడ్యూలు కింద ఖాళీ ఉంటే ఈ నాలుగు ముక్కలు చేర్చాను:

"సదరు కెమెరా ఎడమ మూలన సొట్ట, క్రీస్తుదాసు ఏడవ ఏట కోడిపెట్టను ఫోటో తీయబోయి జారవిడిచినది. తోలు వారు మీద పంటి గాట్లు, అవియు అతనివే. తిత్తి మూడవ మడతలో మాసిక, మా తల్లి వేసినది. సదరు కెమెరాతో మైపాడు సముద్రములో తీసిన బాప్తిస్మపు ఫోటో మగ్దలీనమ్మ తీసినది, క్రీస్తుదాసు తీసినది కాదు."

సరిగ్గా ఆఖరి ముక్క కిందే సంతకం పెట్టాను. కావాలంటే తీసుకుపో. వద్దంటే చింపేయి.

అక్క

*

ఇందుకూరుపేట,
జనవరి 30.

అక్కగారికి,

పత్రం అందింది. సంతోషం. పుష్పకుమారి నాకంటే ముందు చదివింది. రెండు రోజులుగా నాకు కూర వడ్డిస్తూ "ఫిలిం మర్చిపోయినారా?" అని అడుగుతున్నది.

ఆఖరి ముక్క కత్తిరిద్దామంటే నీ సంతకం కూడా పోతుంది. తెలివిగానే పెట్టావు. కొట్టేయమని రంగనాయకులుగారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని అంతా చదివి, "మీ యక్క కూతురుగా పుట్టింది గానీ, కొడుకై ఉంటే నా పక్కన అరుగు మీద కూసోవాల్సినామె" అన్నాడు. కొట్టివేతకు ఇద్దరి సంతకాలూ కావాలట. ఆయనకు నా కష్టం కన్నా నీ రాత మీదే గౌరవం ఎక్కువగా ఉంది.

నాకు పేరు వస్తే నీకు వచ్చినట్టు కాదా? స్టూడియో పేరు పోతే నేను ఏం తిని బతకాలి? ఒక్క ఫోటో కోసం ఇంత చేస్తావనుకోలేదు. నేను కూడా ఊరుకోను. ఉపాయం ఉంది.

క్రీస్తుదాసు

*

తడ,
ఫిబ్రవరి 4.

దాసూ,

"అక్కగారికి" అని రాశావంటే కోపం బాగా వచ్చిందన్నమాట. మంచిదే. ఓడలో వాంతులకు నిమ్మకాయ పచ్చడి పంపుతున్నాను, బావతో ఇరవయ్యో తేదీ పొద్దున మద్రాసు స్టేషనుకు పంపిస్తాను. చొక్కా జేబులో డబ్బు పెట్టుకోకు. నీ ఉపాయం ఏమిటో నాకు తెలియదు గానీ, నీ ఉపాయాలు చిన్నప్పటినుంచీ చూస్తున్నాను.

అక్క

*

మద్రాసు హార్బరు,
ఫిబ్రవరి 20.

అక్కా,

ఓడ సాయంత్రం కదులుతుంది. బావ పచ్చడి జాడీ ఇచ్చి వెళ్ళాడు. ఈ ఉత్తరం సామాను మీద కూర్చుని రాస్తున్నాను. నీకు సంతోషమయ్యే కబురే, అందుకే ఆలస్యం చేయదలుచుకోలేదు.

కస్టమ్స్ ఆఫీసులో నా కాగితాలు చూసినాయన పద్మనాభయ్యగారు. మాట వినగానే మన నెల్లూరు మనిషని తెలిసిపోయింది. అసలు వాళ్ళకు దస్తావేజే అక్కర్లేదట. కెమెరా మీదుండే నంబరు ఫారంలో రాసుకుని, సంతకం చేసి, ముద్ర కొట్టి ఇస్తారట. అంతే. నా ప్రాణం లేచి వచ్చింది. పత్రం బయటికి తీయకుండానే గట్టెక్కాననుకున్నాను.

ఆయన కెమెరాను తిప్పి తిప్పి చూశాడు. "నంబరు యాడబ్బయా? అంతా అరిగిపోయుండాదే."

"ఉప్పునీళ్ళు తిన్నాయి సార్."

"సముద్రంలోకి ఎవరు దించినారు?"

నేను వంగి తోలు తిత్తి సర్దుకున్నాను. నంబరు లేకపోతే గుర్తులైనా ఉండాలి, గుర్తులు రాసిన కాగితం ఏదైనా ఉందా అని అడిగాడు. ఓడ ఎదురుగా కనిపిస్తున్నది. ఇంకేం చేస్తాను, తీసి ఇచ్చాను.

ఆయన మొదట మనసులో చదువుకున్నాడు. తరవాత పైకి చదివాడు. నాలుగు హద్దుల దగ్గరకొచ్చేసరికి పక్క బల్లలవాళ్ళు లేచి వచ్చారు. ఒక అరవాయన తెలుగు రాకపోయినా అందరితోపాటు నవ్వాడు. కోడిపెట్ట దగ్గర బంట్రోతు కూడా వచ్చి నిలబడ్డాడు. ఒక్కో గుర్తూ చదవడం, కెమెరా మీద వేలుపెట్టి చూడటం, "సరిపోయింది" అనడం. ఆఖరి లైను దగ్గర ఆగిపోయాడు.

అక్కా, నిజం ఒప్పుకుంటున్నాను. ఆ లైను మీద నేను సిరా ఒలికించాను. అదే నా ఉపాయం.

"ఇదేంది?"

"పెన్ను కక్కింది సార్."

"ఇంత కాగితం ఉండగా సరిగ్గా ఈ లైను మీదే కక్కిందా?" అని పత్రాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, సిరా వెనకాల నీ గుండ్రటి అక్షరాలన్నీ ఒక్కొక్కటే చదివేశాడు. "ఈ మగ్దలీనమ్మ ఎవరు?" అన్నాడు. మా అక్క, తడలో టీచరు అన్నాను. ఆయన ఎర్రసిరా కలం తీసి, నా మరక పక్కనున్న ఖాళీలో ఆ లైను మొత్తం మళ్ళీ రాశాడు, ముత్యాల్లాంటి అక్షరాలతో. దాని మీద గుండ్రటి ముద్ర కొట్టాడు. తన సర్టిఫికెట్టుకు నీ పత్రం జతచేసి లక్కతో సీలు వేశాడు. "ఈ రెండూ కలిసుంటేనే నీ కెమెరా నీది. యాడన్నా పారేసుకున్నావంటే తిరిగొచ్చినప్పుడు నేనే పట్టుకుంటా" అని చేతికిచ్చాడు.

ఇదివరకు అది నీ మాట. ఇప్పుడు ప్రభుత్వం వారి మాట. సంతోషమేనా?

దాసు

*

తడ,
మార్చి 1.

దాసూ,

పద్మనాభయ్యగారి పిల్లలు పదికాలాలపాటు చల్లగా ఉండాలి.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. బావకు చదివి వినిపించి మళ్ళీ నవ్వుకున్నాను. నాలుగు రోజులయ్యాక గాలివాన వస్తే, ఓడ ఎక్కడిదాకా పోయి ఉంటుందోనని భయం పట్టుకుంది. నీకు మోకాలిలోతు నీళ్ళంటేనే భయం కదా, అంత సముద్రం మీద ఎలా ఉన్నావురా?

ఆ కాగితం అక్కడ నలుగురికీ చూపించమని నేను అడగను. అది ఉంది, నీ పెట్టెలో ఉంది, నాకంతే చాలు. వాళ్ళు పిలిచింది నిన్ను. మర్యాదగా పని చేసుకుని క్షేమంగా రా.

అక్క

*

పినాంగు,
మార్చి 14.

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. నలుగురికీ చూపించమని అడగనన్నావు. చూపించాను. ఎలా జరిగిందో చెబుతాను.

దిగిన రోజున మేళంతో వచ్చారు. చర్చిలోకి తీసుకుపోయారు. ప్రసంగం చేసే బల్ల పక్కన గోడకు ఆ ఫోటో, అద్దం కట్టించి ఉంది. కింద నా పేరు. దానికీ నాకూ కూడా పూలదండలు. అబ్రహాముగారు, "దీన్ని చూసినప్పుడల్లా మా నాయన చెప్పిన సముద్రం కనపడతాది" అన్నారు. మూడు నాలుగేళ్ళ పిల్లలు కూడా ఆ ఫోటో చూసి మైపాడు మైపాడు అంటారు. వాళ్ళెవరూ మైపాడు చూడలేదు. నేను దండ వేయించుకున్నాను, నోరు మూసుకున్నాను.

జూబిలీ రోజున ఇక్కడి సముద్రంలో పద్నాలుగు మందికి బాప్తిస్మం. "అట్టాంటిదే ఇంకోటి తీయాలబ్బయా" అన్నారు. నీళ్ళలోకి దిగాను. మైపాడు అలల్లో సగం కూడా లేవు. అయినా మోకాళ్ళు దాటేసరికి వెనక్కి తిరిగాను. ఒడ్డుకు వచ్చేసి అక్కడినుంచి తీశాను. పద్నాలుగు వీపులు పడ్డాయి. ఒక దాంట్లో కుక్క ముఖం మాత్రం బాగా వచ్చింది.

ఫోటోలు కడిగించి చర్చిలో బల్లమీద పరిచారు. సామ్రాజ్యమ్మ అని ముసలావిడ, మనవరాలికి బాప్తిస్మమైంది, అన్ని ఫోటోలూ ఒక్కొక్కటిగా కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, "నాయనా, నా బిడ్డ మొగం యాడుండాది?" అని అడిగింది. కోప్పడితే బాగుండేది. ఆమె నిజంగానే వెతుకుతున్నది.

ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి చెప్పేశాను. "ఆ గోడమీది ఫోటో నేను తీయలేదు. మా అక్క తీసింది. నేను అల చూసి పారిపోయినాను."

ఏం జరిగిందనుకున్నావు? వాళ్ళు నమ్మలేదు! "ఎంత తగ్గింపో చూడండి" అన్నాడొక పెద్దాయన. అబ్రహాముగారు కళ్ళు మూసుకుని, ఇంత అణకువ గల బిడ్డను పంపినందుకు దేవునికి స్తోత్రం చెప్పారు. ఎంత కాదంటే అంత మెచ్చుకుంటున్నారు. ఒక తల్లయితే తన పిల్లవాడికి నన్ను చూపించి బుద్ధి చెప్పింది. అక్కా, నా జన్మలో అంత సిగ్గుపడలేదు. బసకు పరుగెత్తి, పెట్టె తెరిచి, లక్క సీలు ఉన్న నీ పత్రం తెచ్చి అబ్రహాముగారి చేతిలో పెట్టాను. నాది అని నిరూపించుకోవడానికి రాయించిన కాగితం చూపించి, నాది కాదు బాబో అని బతిమాలుకున్నాను.

ఆయన అంతా పైకి చదివారు. తూర్పు, పడమర, కోడిపెట్ట, అమ్మ వేసిన మాసిక. ఎర్రసిరా లైను చదివేటప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. సామ్రాజ్యమ్మ లేచి వచ్చి నా తలమీద చెయ్యి వేసి, "పోనీలే, చెప్పినావు" అన్నది. ఏడ్చేశాను.

ఫోటో కింద నా పేరు తీసేసి "మగ్దలీనమ్మ, తడ" అని రాసి అంటించారు. టిక్కెట్టు పెట్టి పిలిపించింది దండగ అయిందేమోనని నా బాధ. మర్నాటినుంచి ఆ పద్నాలుగు మందినీ వాళ్ళ వాళ్ళ ఇళ్ళముందు, పొడిబట్టలతో కూర్చోబెట్టి తీస్తున్నాను. మనుషుల్ని నవ్వించి ముఖం తీయడం నాకు వచ్చు, అది నువ్వు కూడా కాదనలేవు. సామ్రాజ్యమ్మ మనవరాలి ఫోటో ఎంత బాగా వచ్చిందంటే, ఆమె దాన్ని కొంగులో కట్టుకుని తిరుగుతున్నది.

దాసు

*

ఇందుకూరుపేట,
మే 6.

అక్కా,

క్షేమంగా వచ్చాను. హార్బరులో మళ్ళీ పద్మనాభయ్యగారే. గుర్తులన్నీ వేలితో తడిమి చూసి, "హద్దులు సరిగ్గానే ఉండాయి. దున్నుకో పో" అన్నాడు. సుంకం లేదు, పేచీ లేదు.

ఊళ్ళో కూడా అందరికీ చెప్పేశాను. స్టూడియో ఏమీ మూతపడలేదు. కాకపోతే మైపాడు పాస్టరుగారు నిన్న వచ్చి, ఈ నెల ఇరవై ఏడు ఆదివారం బాప్తిస్మాలు ఉన్నాయని చెప్పి, "ఫోటోకు మీ యక్క వస్తాదా?" అని అడిగారు. నన్ను అడగలేదు.

అందుకని రంగనాయకులుగారితో ఇంకో పత్రం రాయించాను. కెమెరా మీద నా హక్కంతా నీకు వదులుకుంటున్నాను. ఈసారి నేను ముందే సంతకం పెట్టాను. బళ్ళకు సెలవులిచ్చారు గదా, వచ్చి తీసుకుపో. వద్దన్నా గొడుగు కూడా తెచ్చాను.

తమ్ముడు

*

తడ,
మే 12.

దాసూ,

పత్రం తిప్పి పంపుతున్నాను. స్టూడియో పెట్టుకున్నవాడివి నువ్వు, కెమెరా నాకెందుకు? ఎక్కాలు చెప్పడానికి పనికిరాదు. గొడుగు మాత్రం తీసుకుంటాను.

అబ్రహాముగారు నాకు విడిగా ఉత్తరం రాశారు. నా పేరు అంటించినచోట పిల్లలు వేలుపెట్టి చదువుతున్నారట. మా బడి క్యాలెండరు కింద కూడా మీ బావ నా పేరు రాయించి అంటించాడు. రోజూ చూస్తున్నాను. సంతోషంగానే ఉంది. అయితే ఒక విచిత్రం. పేరు వచ్చింది గదా, నీమీద కోపం పోవాలి. సగమే పోయింది. మిగతా సగం ఎందుకుందో నాకే తెలియలేదు. వారం రోజులు ఆలోచించాను.

నువ్వు అక్కడ అందరికీ మా అక్కకు సముద్రమంటే భయం లేదని చెప్పావట. అబ్బయా, అది అబద్ధం. నాకూ ఈత రాదు. ఆ రోజు రెండో అలకే కాళ్ళకింద ఇసుక జారిపోయింది. అలలకు వీపు పెట్టి నిలబడ్డాను, ఏది ఎప్పుడు వచ్చి కొడుతుందో తెలియదు. నాన్న తీసేటప్పుడు అమ్మ ఆయన వెనకాల సముద్రం వైపు తిరిగి నిలబడి, నడుముకు కట్టిన తువ్వాలు పట్టుకుని, "వస్తుండాది" అని చెప్పేది. అలా చెప్పడానికి నువ్వు పాక వెనకనుంచి తిరిగి వచ్చి నా వెనకాలే దిగి ఉంటావనుకున్నాను. కెమెరా కంటికి పెట్టుకునే ముందు తిరిగి చూశాను. నువ్వు లేవు. అప్పుడు వేసిన భయం ఇంకా నాలో ఉంది. నా కోపం పేరు గురించి కాదురా. పేరు గురించే అని నాలుగేళ్ళు నేను కూడా అనుకున్నాను.

ఇరవై ఆరు సాయంత్రానికి వస్తాను. ఫోటో నేను తీస్తాను. నువ్వు నా వెనక నిలబడాలి. నీ ముఖం సముద్రం వైపు, నీ చేతిలో నా తువ్వాలు. వచ్చే అలల్ని నా బదులు నువ్వు చూడాలి. భయమేస్తే కేకలు పెట్టు, పాటలు పాడు, రంగనాయకులుగారి హద్దులు వల్లె వేసుకో, నీ ఇష్టం. చెయ్యి మాత్రం వదలకు.

అక్క